మాస్టొడాన్ నుంచి థ్రెడ్స్‌కి, బ్లూస్కైకి తలుపు తీయడం ఎలా, గడియ మన వైపే ఉంచుకుని

మీరు మాస్టొడాన్‌లో ఉన్నారు, అంటే ఎవరి సర్వర్ వాళ్ళు నడుపుకోగలిగే, ట్విట్టర్ లాంటి సోషల్ నెట్‌వర్క్‌లో. మీ అక్క, ఆఫీసులో పక్క సీటాయన, మీరు రోజూ చదివే ఇద్దరు ముగ్గురు జర్నలిస్టులు మాత్రం అలాంటివే అయిన థ్రెడ్స్‌లోనో బ్లూస్కైలోనో ఉన్నారు. వాళ్ళ కోసం ఇంకో యాప్ వేసుకుని ఇంకో అకౌంట్ తెరవడం మీకిష్టం లేదు, పోనీ వాళ్ళని ఇటు రమ్మంటే రారు. ఇక్కడ ఉంటూనే వాళ్ళతో మాట్లాడే దారి ఉందా అని ఈ మధ్య చాలామంది అడిగారు నన్ను. ఉంది. పైసా ఖర్చు లేదు, ఒక గంట కూర్చుంటే అయిపోతుంది. కాకపోతే ఏం కలుపుతున్నాం, ఎంత కలుపుతున్నాం, వద్దనుకున్న రోజు ఎలా ఆపుతాం అన్న మూడూ ముందే తెలుసుకుని చెయ్యాలి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

నేను ఒక చిన్న మాస్టొడాన్ సర్వర్ నడుపుతున్నా, 40 మందికి మించి లేరు, అందరూ ఒకరికొకరు ఎంతో కొంత తెలిసిన తెలుగువాళ్ళే, కొంతమంది హైదరాబాద్, విజయవాడ, మిగతావాళ్ళు బెంగళూరు, డల్లాస్. పెద్ద కంపెనీలతో కలవాలా వద్దా అని మేం చాలా రోజులు కొట్టుకున్నాం, చివరికి కలిశాం, కానీ మా షరతుల మీద కలిశాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: తలుపు తీసిపెట్టడం వేరు, ఇల్లు రాసివ్వడం వేరు. కింద చెప్పే ప్రతి స్టెప్పూ ఈ తేడా చెడిపోకుండా ఉండడానికే.

అసలు ఏం కలుస్తోంది

మన దగ్గర ఒకే పేరున్న ఇద్దరుంటే తెనాలి రాజు, నరసరావుపేట రాజు అని ఊరు కలిపి పిలుస్తాం కదా, మాస్టొడాన్ హ్యాండిల్ కూడా అంతే, ముందు మీ పేరు తర్వాత మీ సర్వర్ పేరు. ఈ సర్వర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష యాక్టివిటీపబ్, 2018 జనవరిలో వెబ్ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ డబ్ల్యూ3సీ దాన్ని స్టాండర్డ్‌గా ఒప్పుకుంది. మాస్టొడాన్, ఫోటోలకి పిక్సెల్‌ఫెడ్, వీడియోలకి పీర్‌ట్యూబ్ అన్నీ ఈ భాషే మాట్లాడతాయి, వీటన్నిటినీ కలిపి ఫెడివర్స్ అంటున్నారు. వర్డ్‌ప్రెస్‌లో బ్లాగ్ ఉంటే ఒక ప్లగిన్ వేస్తే అది కూడా ఇందులోకి వచ్చేస్తుంది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లని నడిపే మెటా కంపెనీ థ్రెడ్స్‌ని 2023 జూలైలో తెచ్చింది, అయిదు రోజుల్లో పది కోట్ల మంది చేరారు. అదే ఏడాది డిసెంబర్‌లో యాక్టివిటీపబ్ టెస్టింగ్ మొదలుపెట్టారు, 2024 మార్చిలో అమెరికా, కెనడా, జపాన్ వాళ్ళకి, జూన్‌లో వందకి పైగా దేశాలకి ఆ సౌకర్యం ఇచ్చారు. 2025లో థ్రెడ్స్‌ని నెలకి 40 కోట్ల మంది వాడుతున్నారని కంపెనీ చెప్పింది. మాస్టొడాన్ మొత్తం కలిపినా నెలకి పది లక్షల లోపే. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి, ఎవరికి ఎవరు అవసరం, ఎవరి మాట చెల్లుతుంది అన్నది వేరే చెప్పక్కర్లేదు.

బ్లూస్కై భాష వేరు. దాన్ని ఏటీ ప్రోటోకాల్ అంటారు, యాక్టివిటీపబ్‌తో నేరుగా మాట్లాడదు, అందుకని మధ్యలో దుబాసీ కావాలి. ఆ దుబాసీ పేరు బ్రిడ్జీ ఫెడ్, దాని సంగతి తర్వాత చెప్తా.

ఇక ట్విట్టర్, ఇప్పటి ఎక్స్, అలాగే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ మామూలు పోస్టులు వీటికి ఇలాంటి దారి లేదు. వాటి పోస్టుల్ని దొంగచాటుగా లాక్కొచ్చి మాస్టొడాన్‌లో వేసే బాట్లు ఉంటాయి, వాటి జోలికి వెళ్ళకండి, అటు మనిషికి తాను ఇక్కడ కనబడుతున్నట్టే తెలీదు, మీరు రిప్లై ఇచ్చినా వెళ్ళదు.

మొదటి పని: మీ సర్వర్ ఒప్పుకుంటోందా చూడండి

చాలామంది ఇది చూడకుండా థ్రెడ్స్ అకౌంట్ వెతికి, దొరకట్లేదని మాస్టొడాన్ పాడైపోయిందనుకుంటారు. మీ సర్వర్ వెబ్‌సైట్‌లో అబౌట్ పేజీకి వెళ్ళండి, కిందికి వెళ్తే మోడరేటెడ్ సర్వర్స్ అని ఒక లిస్టు ఉంటుంది (కొన్ని సర్వర్లు లాగిన్ అయితేనే చూపిస్తాయి, కొన్ని అసలు చూపించవు). అందులో థ్రెడ్స్ డాట్ నెట్ ఉందేమో చూడండి. పక్కన సస్పెండెడ్ అని ఉంటే దారి పూర్తిగా మూసేశారని, లిమిటెడ్ అని ఉంటే తలుపు ఓరగా వేసి ఉందని, అంటే మీరు వెతికి ఫాలో అవ్వొచ్చు గానీ అక్కడి పోస్టులు పబ్లిక్ టైమ్‌లైన్‌లో, అంటే అందరి పోస్టులూ వరుసగా వచ్చే చోట, కనబడవని.

మూసేసి ఉంటే అడ్మిన్‌తో గొడవ పెట్టుకోకండి. థ్రెడ్స్ ఇంకా రాకముందే, 2023 జూన్‌లో, మెటా వస్తే బ్లాక్ చేస్తామని వందల సర్వర్ల వాళ్ళు ఒక ప్రతిజ్ఞ మీద సంతకాలు పెట్టారు, దాన్నే ఫెడిప్యాక్ట్ అంటారు. వాళ్ళ భయానికి కారణం ఉంది. పాతవాళ్ళకి గూగుల్ వాళ్ళ చాట్ జీటాక్ గుర్తుండే ఉంటుంది, 2005లో వచ్చింది, మన ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలంతా ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని అందులోనే కబుర్లు చెప్పుకునేవాళ్ళు. అది ఎక్స్ఎంపీపీ అనే అందరికీ చెందిన ప్రోటోకాల్ మీద నడిచేది, 2006 నుంచి బయటి చిన్న సర్వర్ల వాళ్ళతో కూడా మాట్లాడనిచ్చింది, సొంత సర్వర్ నడుపుకునే వాళ్ళు సంబరపడ్డారు. 2013లో గూగుల్ హ్యాంగవుట్స్ తెచ్చింది, అందులో ఆ దారి పెట్టలేదు, చిన్న సర్వర్లలో ఉన్నవాళ్ళ స్నేహితులందరూ జీమెయిల్‌లోనే ఉండిపోయారు, వీళ్ళు ఒంటరైపోయారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. అది చూసినవాళ్ళు ఈసారి జాగ్రత్తపడటంలో తప్పేం లేదు. మీకు కలవాలనుంటే మీ అడ్మిన్‌ని మర్యాదగా అడగండి, కాదంటే కలిసే సర్వర్‌కి అకౌంట్ మార్చుకోండి. మార్చుకుంటే ఫాలోవర్లు మీతో వస్తారు, పాత పోస్టులు మాత్రం రావు, అది గుర్తుపెట్టుకోండి.

రెండో పని: తలుపు తీసేముందు మీ ఇల్లు సర్దుకోండి

దీనికి ఎక్కువ టైమ్ ఇవ్వండి, కలిపాక సర్దుకుందాంలే అనుకుంటే అప్పటికే వెళ్ళాల్సినవి వెళ్ళిపోయి ఉంటాయి.

మాస్టొడాన్‌లో మీ పోస్టు ఎక్కడికి వెళ్తుందంటే, మీ ఫాలోవర్లు ఏయే సర్వర్లలో ఉన్నారో ఆ సర్వర్లన్నిటికీ ఒక్కో కాపీ వెళ్తుంది. థ్రెడ్స్‌లో ఒక్కరు మిమ్మల్ని ఫాలో అయితే చాలు, ఆ రోజు నుంచి మీ పబ్లిక్ పోస్టులు, ప్రొఫైల్ ఫోటో, పేరు, బయో మెటా సర్వర్లకి చేరతాయి. తర్వాత మీరు డిలీట్ కొడితే డిలీట్ చెయ్యమని ఒక సందేశం వెళ్తుంది అంతే, అవతలి సర్వర్ దాన్ని పాటిస్తే పోతుంది, పాటించకపోతే మీరు చేయగలిగింది ఏమీ లేదు. ఇది థ్రెడ్స్ ఒక్కదానికే కాదు, ప్రతి సర్వర్‌కీ వర్తిస్తుంది, కానీ అవతల ఉన్నది యాడ్స్ మీద బతికే కంపెనీ అయినప్పుడు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

మా సర్వర్‌లో ఒకావిడ ఉండేది, పిల్లల ఫోటోలు ఫాలోవర్లకి మాత్రమే అని పెట్టేది. ఫాలో రిక్వెస్ట్ అప్రూవల్ ఆన్ చేసుకోలేదు, అంటే ఎవరు ఫాలో కొట్టినా ఆటోమేటిగ్గా ఫాలోవర్ అయిపోతారు, ఇక ఫాలోవర్లకి మాత్రమే అన్న మాటకి అర్థమే లేదు. ఆవిడకి ఏమాత్రం పరిచయం లేనివాళ్ళు ఆ ఫోటోల కింద కామెంట్ పెట్టాక తెలిసింది. చాలా బాధపడింది, నాకు కూడా ముందే చెప్పి ఉండాల్సిందే అనిపించింది, అప్పట్నుంచి కొత్తగా చేరే ప్రతి ఒక్కరికీ మొదటి రోజే చెప్తున్నా.

కాబట్టి ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి పబ్లిక్ ప్రొఫైల్ కింద ప్రైవసీ అండ్ రీచ్ తెరవండి. కొత్త ఫాలోవర్లని ఆటోమేటిగ్గా ఒప్పుకునే ఆప్షన్ అక్కడే ఉంటుంది, ఇంటి విషయాలు రాసేవాళ్ళయితే అది తీసెయ్యండి. మీ పోస్టులు సెర్చ్‌లో రావాలా వద్దా అన్నది కూడా అక్కడే. తర్వాత ఇప్పటికే ఉన్న ఫాలోవర్ల లిస్టు ఒకసారి పైనుంచి కిందిదాకా చూడండి, తెలీని వాళ్ళుంటే తీసెయ్యండి, అలా తీసేస్తే వాళ్ళకి నోటిఫికేషన్ ఏమీ వెళ్ళదు, మొహమాటపడక్కర్లేదు. పాత పోస్టులు ఎక్కువ ఉంటే ఆటోమేటెడ్ పోస్ట్ డిలీషన్ అని ఒక సెట్టింగ్ ఉంది, ఇన్ని నెలలు దాటినవి పోవాలి అని పెట్టుకోవచ్చు.

నా సలహా ఏంటంటే రెండు అకౌంట్లు పెట్టుకోండి, ఒకటి లోకానికి, ఒకటి ఇంటికి. లోకానికి పెట్టినదాన్నే పెద్ద ప్లాట్‌ఫామ్‌లతో కలపండి.

మూడో పని: థ్రెడ్స్ వాళ్ళని ఇటు తెచ్చుకోవడం

మీరు వెతకగానే థ్రెడ్స్‌లో ఉన్న అందరూ దొరకరు. అవతలి మనిషి తన సెట్టింగ్స్‌లో ఫెడివర్స్ షేరింగ్ ఆన్ చేసుకుంటేనే మీకు కనబడతారు, అదీ 18 ఏళ్ళు దాటి ఉండాలి, ప్రొఫైల్ పబ్లిక్‌గా ఉండాలి. ఇది మన చేతిలో లేదు, అడిగి చేయించుకోవాల్సిందే. నేను మా అక్కకి పంపిన మెసేజ్ ఇక్కడ పెడుతున్నా, కావాలంటే ఇలాగే మీ వాళ్ళకి పంపండి:

“అక్కా, థ్రెడ్స్ తెరిచి సెట్టింగ్స్‌లోకి వెళ్ళు. అక్కడ అకౌంట్ అని ఉంటుంది, అది నొక్కితే ఫెడివర్స్ షేరింగ్ అని వస్తుంది. ఆన్ చెయ్యి. ఏదో రెండు మూడు పేజీలు చదవమంటుంది, చదివే నొక్కు, ఎందుకంటే నీ పోస్టులు బయటి సర్వర్లకి కూడా వెళ్తాయని అందులో ఉంటుంది. నచ్చకపోతే ఎప్పుడైనా ఆఫ్ చేసుకోవచ్చు. చేశాక నాకు చెప్పు, నేను ఇక్కణ్ణుంచి ఫాలో అవుతా.”

యాప్ అప్‌డేట్ అయితే మెనూల పేర్లు కొంచెం అటూఇటూ అవుతాయి, ఫెడివర్స్ అన్న మాట కోసం చూడమనండి చాలు.

వాళ్ళు ఆన్ చేశాక మీరు మాస్టొడాన్ సెర్చ్‌లో వాళ్ళ థ్రెడ్స్ యూజర్‌నేమ్, దాని వెనక @ గుర్తు, దాని వెనక థ్రెడ్స్ డాట్ నెట్ అని ఇంగ్లీష్ అక్షరాల్లో పూర్తిగా టైప్ చెయ్యండి. వెబ్ అడ్రస్ 2025లో డాట్ కామ్‌కి మారింది, అది చూసి డాట్ కామ్ అని కొడితే దొరకదు, ఇక్కడ ఇంకా డాట్ నెట్టే. ప్రొఫైల్ వచ్చాక ఖాళీగా కనబడితే కంగారు పడకండి, ఫాలో కొట్టండి, ఆ తర్వాత వాళ్ళు పెట్టేవి వస్తాయి, పాతవి రావు. కొత్తవి కూడా వెంటనే రావు, కొన్ని నిమిషాలు ఆగి వస్తాయి, వాళ్ళు అక్కడ తప్పులు దిద్దుకునే టైమ్ అది.

అటు నుంచి మిమ్మల్ని ఫాలో అవ్వడం 2024 డిసెంబర్ నుంచి కుదురుతోంది. 2025 జూన్‌లో థ్రెడ్స్ సెర్చ్‌లో ఫెడివర్స్ ప్రొఫైల్స్ వెతికే వీలు, మన పోస్టులకి విడిగా ఒక ఫీడ్ వచ్చాయి. ఈ విడిగా అన్నది గమనించండి. మీ పోస్టు మీ అక్క మామూలు ఫీడ్‌లో క్రికెట్ పోస్టుల మధ్య కనబడదు, ఆవిడ ప్రత్యేకంగా ఆ ఫెడివర్స్ ఫీడ్‌లోకి వెళ్ళి చూడాలి. అందుకే ఫాలో అయిందిగా చూసే ఉంటుందిలే అనుకుని ఊరుకోకండి, ముఖ్యమైన విషయమైతే ఫోన్ చేసి చెప్పండి.

మీరు వాళ్ళ పోస్టుకి లైక్ కొట్టినా రిప్లై ఇచ్చినా అటు కనబడుతుంది. ప్రైవేట్ మెన్షన్లు, అంటే ఒక్కరికే కనబడేలా రాసేవి, మాత్రం పంపకండి, ఇది పబ్లిక్ పోస్టుల దారి, రహస్యాలు మాట్లాడే దారి కాదు. ఒక థ్రెడ్‌లో షేరింగ్ ఆన్ చెయ్యని నలుగురు ఉంటే వాళ్ళ మాటలు మీకు రావు, సగం సంభాషణే చదువుతున్నారని గుర్తుంచుకుని రిప్లై ఇవ్వండి. మా దగ్గర ఇద్దరు స్నేహితులు ఈ సగం వినికిడితోనే వారం రోజులు మాట్లాడుకోలేదు, తీరా చూస్తే మధ్యలో మూడో మనిషి అన్న మాట ఒకరికి కనబడింది ఇంకొకరికి కనబడలేదు.

నాలుగో పని: బ్లూస్కై వైపు వంతెన

ఇది నాకు థ్రెడ్స్ కంటే బాగా నచ్చిన దారి, ఎందుకంటే రెండు వైపులా మనుషుల ఒప్పుకోలు మీదే నడుస్తుంది. 2024 ఫిబ్రవరిలో బ్లూస్కై ఇన్విటేషన్ లేకుండా అందరికీ తెరుచుకున్నప్పుడే బ్రిడ్జీ ఫెడ్ గురించి పెద్ద గొడవ జరిగింది, మొదట అనుకున్నది అందరి పబ్లిక్ పోస్టులూ దాటించేసి, వద్దన్నవాళ్ళని తీసేద్దామని. మాస్టొడాన్‌లో జనం ఒప్పుకోలేదు, అడగకుండా మా మాటలు ఇంకో ఊరికి ఎలా తీసుకెళ్తారు అన్నారు. నడిపేవాళ్ళు విని, కావాలన్న వాళ్ళవి మాత్రమే దాటించేలా మార్చారు. చిన్న ప్రాజెక్టుల్లో నాకు నచ్చేది ఇదే, అరిస్తే వినబడుతుంది.

చెయ్యాల్సింది ఇంతే. మాస్టొడాన్ సెర్చ్‌లో బిఎస్‌కేవై డాట్ బ్రిడ్ డాట్ జివై అన్న పేరుని ఇంగ్లీష్ అక్షరాల్లో @ గుర్తు పెట్టి ఒకసారి, మళ్ళీ @ పెట్టి అదే పేరు ఇంకోసారి కొట్టండి, యూజర్‌నేమ్ సర్వర్ పేరు రెండూ ఒకటే అన్నమాట. ఒక బాట్ అకౌంట్ వస్తుంది, దాన్ని ఫాలో అవ్వండి. అది మిమ్మల్ని తిరిగి ఫాలో అవుతుంది. అంతే, మీ పేరు, సర్వర్ పేరు, వెనకాల ఏపీ డాట్ బ్రిడ్ డాట్ జివై కలిసిన ఒక హ్యాండిల్‌తో బ్లూస్కైలో మీరు కనబడతారు. అప్పటి నుంచి పెట్టే కొత్త పోస్టులే వెళ్తాయి. ప్రొఫైల్ ఫోటో, బయో లేని ఖాళీ అకౌంట్ అయితే ముందు అవి నింపుకోండి.

అటువైపు మీ స్నేహితులు కూడా ఏపీ డాట్ బ్రిడ్ డాట్ జివై అన్న అకౌంట్‌ని బ్లూస్కైలో ఫాలో అవ్వాలి. వాళ్ళు అవ్వకపోతే మీరు చెప్పేది వాళ్ళకి వెళ్తుంది, వాళ్ళు చెప్పేది మీకు రాదు. ఒకవైపే మోగే ఫోన్ లాంటిది. వాళ్ళు ఫాలో అయ్యాక మాస్టొడాన్‌లో వాళ్ళ బ్లూస్కై హ్యాండిల్ వెనకాల @ పెట్టి బిఎస్‌కేవై డాట్ బ్రిడ్ డాట్ జివై కలిపి వెతకండి.

తెలుగులో రాసేవాళ్ళకి ఒక సంగతి. మాస్టొడాన్‌లో మామూలుగా 500 అక్షరాలు, థ్రెడ్స్‌లో కూడా 500, బ్లూస్కైలో 300 మాత్రమే. పోస్టు పొడవైతే వంతెన దాన్ని మధ్యలో కోసి, మిగతాది ఇక్కడ చదవండి అని మాస్టొడాన్ లింక్ తగిలిస్తుంది. మనం అసలు విషయం చివరి వాక్యంలో చెప్పే అలవాటున్న వాళ్ళం, పొడవు పోస్టుల్లో ఆ చివరి వాక్యమే తెగిపోతుంది. కాబట్టి చెప్పాల్సింది మొదటి రెండు లైన్లలో చెప్పి తర్వాత వివరాల్లోకి వెళ్ళండి. పోస్ట్ రాసేటప్పుడు భాష తెలుగు అని సెట్ చేసుకోవడం కూడా మర్చిపోకండి, తెలుగు పోస్టులు మాత్రమే చూడాలనుకునే వాళ్ళకి ఫిల్టర్ పనిచేసేది దాని వల్లే.

వద్దనుకుంటే ఆ బాట్‌ని బ్లాక్ చెయ్యండి, వంతెన తెగిపోతుంది. ముందు నుంచే వద్దనుకునేవాళ్ళు బయోలో నోబ్రిడ్జ్ అన్న మాటని ఇంగ్లీష్‌లో హ్యాష్‌ట్యాగ్‌గా పెట్టుకుంటే చాలు.

సర్వర్ నడిపేవాళ్ళకి

ఇప్పటిదాకా చెప్పింది ఒక్క మనిషి సంగతి, సర్వర్ మొత్తాన్ని కలిపేది మీరైతే బాధ్యత ఎక్కువ, మీ ఒక్క క్లిక్‌తో మిగతా అందరి మాటలూ ఎక్కడికి వెళ్తాయో మారిపోతుంది. అందుకే ముందు మనుషుల్ని అడగండి. మేం ఒక పోల్ పెట్టి పది రోజులు ఉంచాం, ఓటుతో పాటు కారణం కూడా రాయమన్నాం. ఇద్దరు ఆడవాళ్ళు రాసింది చదివాకే నా ఆలోచన మారింది, మాకు పాత ప్లాట్‌ఫామ్‌లలో వేధించినవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు, వాళ్ళకి దూరంగా ఉండాలనే ఇక్కడికొచ్చాం అన్నారు. అంతకుముందు నాకు డేటా, ప్రోటోకాల్ లాంటి పెద్ద పెద్ద విషయాలే కనబడేవి.

అందుకని పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడం కాకుండా మధ్యలోది ఎంచుకున్నాం. అడ్మిన్‌గా లాగినై ప్రిఫరెన్సెస్, మోడరేషన్, ఫెడరేషన్ అని వెళ్ళి కొత్త డొమైన్ (అంటే సర్వర్ అడ్రస్) బ్లాక్ పెట్టే చోట థ్రెడ్స్ డాట్ నెట్ రాసి, తీవ్రత దగ్గర లిమిట్ ఎంచుకోండి. అప్పుడు అక్కడి పోస్టులు పబ్లిక్ టైమ్‌లైన్‌లో పడవు, అక్కణ్ణుంచి వచ్చే ఫాలోలన్నీ రిక్వెస్టుగా వస్తాయి, మన మనిషి ఒప్పుకుంటేనే ఫాలోవర్ అవుతారు. కావాలనుకున్న వాళ్ళు వెతుక్కుని ఫాలో అవ్వొచ్చు, ఇబ్బందేం ఉండదు. మా 40 మందికీ ఇది సరిపోయింది. అసలే వద్దనుకున్న ఆ ఇద్దరికీ తమ అకౌంట్ నుంచే డొమైన్‌ని బ్లాక్ చేసుకోవడం నేర్పాం, ఏదైనా ఒక థ్రెడ్స్ ప్రొఫైల్ తెరిచి మూడు చుక్కల మెనూలో ఆ డొమైన్‌ని బ్లాక్ చెయ్యి అన్నది నొక్కితే వాళ్ళ వరకు దారి మూసుకుపోతుంది.

సస్పెండ్ బటన్ దగ్గర మాత్రం తొందరపడకండి. అది నొక్కిన క్షణం అటూఇటూ ఉన్న ఫాలోలన్నీ తెగిపోతాయి, రేపు మనసు మార్చుకుని తీసేసినా అవి తిరిగి రావు, ఒక్కొక్కళ్ళూ మళ్ళీ ఫాలో కొట్టుకోవాల్సిందే. మాస్టొడాన్ 4.3 నుంచి ఎవరెవరి సంబంధం తెగిందో యూజర్లకి నోటిఫికేషన్ వస్తుంది, లిస్టు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అదొక్కటే ఊరట. నొక్కేముందు వారం ముందు చెప్పండి, ఎవరి లిస్టు వాళ్ళు ఎక్స్‌పోర్ట్ చేసుకుంటారు.

ఇక అవతలి వాళ్ళు మిమ్మల్ని ఒప్పుకోవడం సంగతి. కంపెనీకి కూడా షరతులున్నాయి, థ్రెడ్స్ తను బ్లాక్ చేసిన సర్వర్ల లిస్టు బయట పెడుతుంది. ప్రైవసీ పాలసీ పేజీ లేకపోవడం, పబ్లిక్ ఫీడ్ కనబడకపోవడం, 13 ఏళ్ళలోపు పిల్లల్ని చేర్చుకోకూడదన్న రూల్ ఎక్కడా రాసి లేకపోవడం ఇలాంటివి కారణాలుగా చెప్తారు. చిన్న సర్వర్ల వాళ్ళం ఇవి రాసిపెట్టుకోం, ఎందుకులే మనవాళ్ళేగా అనుకుంటాం. రాసిపెట్టండి, థ్రెడ్స్ కోసం కాకపోయినా మీవాళ్ళ కోసం రాయండి, ఏ డేటా ఎన్నాళ్ళు ఉంచుతారో, బ్యాకప్ ఎవరి దగ్గర ఉంటుందో తెలుగులో నాలుగు పేరాలు చాలు. ఇండియాలో నడుపుతుంటే 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఎవరో, ఎలా సంప్రదించాలో కూడా సైట్‌లో ఉండాలి.

ఇల్లు అలకగానే పండగ కాదు. తెరిచిన మొదటి వారంలో మా సర్వర్ డిస్క్ నిండిపోయింది. బయటి సర్వర్ల ఫోటోలు, వీడియోలు మన దగ్గర కాపీ అయి కూర్చుంటాయి, పెద్ద ప్లాట్‌ఫామ్‌లో బాగా పాపులర్ అయిన పదిమందిని మనవాళ్ళు ఫాలో అయితే చాలు, గిగాబైట్లు గిగాబైట్లు వచ్చి పడతాయి. ఆదివారం తెల్లారుజామున డేటాబేస్ రాయడానికి చోటు లేక సర్వర్ ఆగిపోయింది, తొమ్మిదింటికి చూశా. అడ్మిన్ సెట్టింగ్స్‌లో కంటెంట్ రిటెన్షన్ అని ఉంటుంది, మీడియా క్యాష్, అంటే ఆ కాపీలు, ఎన్ని రోజులు ఉంచాలో అక్కడ అంకె వెయ్యండి, మాది 7. ఖాళీగా వదిలేస్తే ఎప్పటికీ ఉంచుతుంది. డొమైన్ లిమిట్ పెట్టేచోటే రిజెక్ట్ మీడియా అన్న ఆప్షన్ కూడా ఉంది, మరీ చిన్న డిస్క్ అయితే అది టిక్ పెట్టండి, ఫోటోలు మన దగ్గర దాచుకోదు. అలాగే సర్వర్ వెనకాల పనులు చేసే సైడ్‌కిక్ డాష్‌బోర్డ్‌లో పెండింగ్ పనుల క్యూ ఎంత పొడవుందో మొదటి పదిహేను రోజులు పొద్దున్నా సాయంత్రం చూస్తూ ఉండండి, పెరుగుతూనే పోతుంటే ఆ పనులు చేసే వర్కర్లు సరిపోవట్లేదని.

వేధింపులు వస్తే అవతలి కంపెనీకి రిపోర్ట్ ఫార్వర్డ్ చేసి వాళ్ళేదో చేస్తారని ఎదురుచూడకండి. రిపోర్ట్ పంపండి, పంపుతూనే ఆ ఒక్క అకౌంట్‌ని మీ సర్వర్‌లో సస్పెండ్ చెయ్యండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2025 జనవరిలో మెటా ద్వేషపు మాటల మీద తన రూల్స్ సడలించినప్పుడు మేం మళ్ళీ కూర్చుని మాట్లాడుకున్నాం, లిమిట్ అలాగే ఉంచి, వ్యక్తుల మీద చర్య మాత్రం ఇదివరకు మూడు ఫిర్యాదులకి తీసుకునేది ఒక్క ఫిర్యాదుకే తీసుకోవడం మొదలుపెట్టాం.

తెగిపోయే రోజు కోసం

2019 నవంబర్‌లో గుర్తుందా, సీనియర్ లాయర్ సంజయ్ హెగ్డే ట్విట్టర్ అకౌంట్ సస్పెండ్ అయ్యాక ఇండియా నుంచి చాలామంది కోపంతో మాస్టొడాన్‌కి వచ్చారు. ఎక్కువమంది కొన్ని వారాల్లో వెనక్కి వెళ్ళిపోయారు, ఇక్కడ తమవాళ్ళు లేరని. ఇప్పుడు వంతెన ఉంది కాబట్టి అలా వెళ్ళక్కర్లేదు, కలపమని నేను చెప్పేది అందుకే. కానీ 2014లో ఆర్కుట్ పోయింది, 2019లో గూగుల్ ప్లస్ పోయింది, 2024 జూలైలో ట్విట్టర్ లాంటి మన దేశపు యాప్ కూ మూతపడింది, అందులో తెలుగులో రాసుకున్నవాళ్ళు ఎంతోమంది. థ్రెడ్స్ ఉన్నా ఈ దారిని ఏదో ఒక రోజు మూసెయ్యొచ్చు, అది వాళ్ళ చేతిలో పని. కాబట్టి మీరు రాసినది మీ సర్వర్‌లో, మీ డొమైన్ మీద ఉండాలి, అవతలికి వెళ్ళేది కాపీ మాత్రమే అవ్వాలి.

డొమైన్ విషయంలో ఒక హెచ్చరిక: కొత్తగా సర్వర్ పెట్టేవాళ్ళు పేరు బాగా ఆలోచించి పెట్టండి, ఒకసారి నడపడం మొదలయ్యాక హ్యాండిల్‌లో ఉండే డొమైన్‌ని మార్చలేం, మారిస్తే బయటి సర్వర్లకి మీరు కొత్తవాళ్ళే. ఆఫర్‌లో చవగ్గా వచ్చిందని కొన్న డొమైన్లు రెండో ఏడాది రెన్యూవల్‌కి నాలుగింతలు అడుగుతాయి, రెన్యూవల్ రేటు చూసే కొనండి. డొమైన్ అకౌంట్ పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉండాలి, ఒకరికి ఒంట్లో బాగోకపోతే ఇంకొకరు రెన్యూవల్ కట్టేలా.

ప్రతి యూజర్‌కీ మూడు నెలలకోసారి గుర్తుచెయ్యండి, ప్రిఫరెన్సెస్‌లో ఇంపోర్ట్ అండ్ ఎక్స్‌పోర్ట్‌కి వెళ్ళి ఫాలోల లిస్టు, బ్లాకుల లిస్టు, బుక్‌మార్కులు దించుకోమని, పోస్టుల ఆర్కైవ్ అడిగి తీసుకోమని. థ్రెడ్స్ వాళ్ళలో మీకు నిజంగా కావాల్సిన మనుషులుంటే వాళ్ళ ఈమెయిలో ఫోన్ నంబరో విడిగా రాసి ఉంచుకోండి.

మేం ఏడాదికి రెండుసార్లు, ఉగాది వారంలో ఒకసారి, దసరా సెలవుల్లో ఒకసారి, అదే పోల్ మళ్ళీ పెడతాం: తెరిచి ఉంచాలా, ఓరగా ఉంచాలా, మూసెయ్యాలా. పోయిన దసరాకి 31 మంది ఓటేశారు, ఓరగానే ఉంచుదాం అన్నారు. ఆ ఇద్దరు ఆడవాళ్ళలో ఒకరు ఈసారి తన డొమైన్ బ్లాక్ తీసేసుకుంది, చిన్నప్పటి స్నేహితురాలు ఒకావిడ అక్కడ కనబడిందట.